నీలపుటుంగరానికి పన్నెండు పనిదినాలు

మా శాఖ పుట్టడానికి కారణం ఒక పెచ్చు. సిమెంటు పెచ్చు.

రాజధానిలో ఒక పెద్ద కార్యదర్శి గారు శనివారం నాడు నీలపుటుంగరం పెట్టుకున్నారు. సోమవారం ఉదయం పదకొండింటికి ఆయన గది పైకప్పు నుంచి మూరెడు పెచ్చు ఊడి, సరిగ్గా ఆయన బల్ల మీద, సంతకానికి పెట్టిన ఫైలు మీద పడింది. ఆ సమయానికి ఆయన టీ తాగడానికి పక్క గదికి వెళ్ళబట్టి ఆయన సేవలు ప్రజలకు మిగిలాయి. విచారణ సంఘం వేశారు. సంఘం ముందు ముద్దాయిలు రెండు: కప్పు, ఉంగరం. కప్పు కూలేలా ఉందని అంతకుముందే పదకొండు ఉత్తరాలు వెళ్ళాయి గనుక, తప్పు కప్పుదని తేలిస్తే ఆ ఉత్తరాలు చదవని పదకొండుమంది మీద చర్య తీసుకోవాలి. ఉంగరానిదని తేలిస్తే ఎవరి మీదా తీసుకోనక్కర్లేదు. సంఘం ఆరు నెలలు శ్రమపడి తప్పు ఉంగరానిదేనని తేల్చింది.

ఆ నివేదిక పుణ్యమా అని ఏర్పడిందే రాష్ట్ర నీలరత్న ధారణ నియంత్రణ శాఖ. అందులో మా జిల్లా కార్యాలయంలో నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు సన్యాసిరావు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను నిబంధన తప్పింది లేదు, నిబంధన నన్ను తప్పించింది అంతకన్నా లేదు.

నీలం శని రాయి అనీ, పడితే అందలం ఎక్కిస్తుందనీ, పడకపోతే వీధిన పడేస్తుందనీ మన వాళ్ళు ఎప్పట్నుంచో అనుకుంటున్నదే. అందుకే కొన్నవాళ్ళు మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని, కలలూ కష్టాలూ చూసుకుని, అప్పుడు వేలికి పెట్టుకుంటారు. ప్రభుత్వం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఆ ఆచారానికి నియమావళి రాసిందంతే. అయితే ఇంట్లో దిండు కింద ఏం జరిగిందో ఇంట్లోవాళ్ళు నిజం చెబుతారని నమ్మకమేమిటి? కాబట్టి పరీక్ష ప్రభుత్వమే చేస్తుంది. ప్రభుత్వం రాత్రిపూట పనిచెయ్యదు గనుక పగలే చేస్తుంది. మూడు రాత్రులంటే, రాత్రికి ఎనిమిది గంటల చొప్పున ఇరవై నాలుగు గంటలు. ఆఫీసు వేళల్లోంచి భోజనం, రెండు టీలు, ఆలస్యంగా రావడం, ముందుగా పోవడం తీసేస్తే రోజుకు రెండు గంటల అసలు పని తేలింది. కనుక పన్నెండు పనిదినాలు. ఈ లెక్క చేసినాయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

నాలుగేళ్ళలో మాకు నూట పన్నెండు దరఖాస్తులు వచ్చాయి. ఒక్కటీ పరీక్ష దాకా పోలేదు. అన్నిటినీ పరిశీలన దశలోనే తిప్పి పంపాం. ఒక్క నీలం వల్ల కూడా ఒక్క ప్రమాదం జరగని జిల్లాగా మాకు షీల్డు వచ్చింది. అది ఇప్పటికీ మా డి.డి. గారి వెనక అద్దాల బీరువాలో ఉంది. డి.డి. గారంటే ఉప సంచాలకులు కూర్మనాథం గారు. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉంది. మనిషి మంచివాడే గానీ ఆ మంచితనానికి రూలు చూపించాలి.

నూట పదమూడో దరఖాస్తు హైమవతిది.

హైస్కూల్లో ఆటల టీచరు. మెళ్ళో విజిల్‌తోనే వచ్చేది. వెంట పెళ్ళికొడుకు ఫణీంద్ర. మంచినీళ్ళ పరీక్షా కేంద్రంలో ఉద్యోగం. ఎవరేమన్నా "సరేనండీ" అనే రకం. మాఘంలో పెద్దలు మాట్లాడుకున్నారు, వైశాఖం చివరి గురువారం ఉదయం పది నలభై రెండుకి నిశ్చితార్థం పెట్టుకున్నారు. అది దాటితే మూఢం, దాని వెనకాలే ఆషాఢం. ఏం ఉంగరం కావాలని ఫణి అడిగితే ఆ అమ్మాయి నీలం అంది. ఫణి సరే అన్నాడు. అంతవరకూ కథ సాఫీగానే ఉంది. ఆ తర్వాత మా శాఖ వచ్చింది.

నీలం కొనడానికే కాదు, దుకాణంలో చూడటానికీ అనుమతి కావాలి. దాన్ని దర్శన అనుమతి అంటాం. చూస్తున్నప్పుడు శాఖ తరఫున ఒకరు గడియారంతో పక్కన ఉండాలి. ఒక రాయిని నాలుగు నిమిషాలకు మించి చూడకూడదు. ఆ పనికి నన్నే వేశారు.

గడియారస్తంభం పక్కన అప్పలాచారి కొట్టు. డెబ్భై ఏళ్ళ కంసాలి. సీలు తీసి తెల్లగుడ్డ మీద మూడు రాళ్ళు పెట్టాడు. ఒకదాన్ని తీసి గ్లాసుడు పాలల్లో వేస్తే పాలు లేత నీలంగా తిరిగాయి. "చూశారా, అసలుదైతే పాలకు రంగిస్తాది. గాజుముక్కకి ఆ గుణముండదు" అన్నాడు. నేను రాసుకున్నాను.

హైమ మూడింటినీ ఒక్కొక్కటే కిటికీ దగ్గరకు పట్టుకెళ్ళి చూసింది. మూడోదాని దగ్గర ఆగిపోయింది.

"అది వద్దమ్మా. మూల మచ్చుంది. శుభకార్యానికి మచ్చ రాయెందుకు? ఇదిగో దీన్ని చూడు, కడిగినట్టుంది" అన్నాడు అప్పలాచారి.

"ఈ మచ్చదే కావాలి."

"ఏం చూసి?" అని నేనడిగాను. నిజానికి అది నా విధి కాదు.

"మాకు ఆఖరి పీరియడు ఆటలండీ. వానొచ్చే ముందు గ్రౌండు మీద ఆకాశం అచ్చం ఇలాగే ఉంటుంది. ఇంత నీలంగా, ఒక మూల తెల్లగా చిరిగినట్టు. విజిల్ వేసినా పిల్లలు లోపలికి రారు. ఇంకొక్క ఆట టీచర్, ఒకే ఒక్కటి అంటారు." ఆ అమ్మాయి నవ్వింది. "నాకూ వెళ్ళాలనిపించదు."

ఇదంతా రిజిస్టరులో రాశాను. ఫణి మాత్రం రాయిని చూడలేదు, ఆ అమ్మాయినే చూస్తున్నాడు. కాబట్టి "వరుడు దర్శించలేదు" అని రాయవలసి వచ్చింది. దానివల్ల దరఖాస్తు ఒకసారి తిరిగొచ్చింది. పాలు ఆవువో గేదెవో రాయనందుకు ఇంకోసారి వచ్చింది. వేలి కొలత సెంటీమీటర్లలో కాక నూలుపోగుతో ఇచ్చినందుకు మరోసారి. ఇలా అన్నీ సరిచేసుకుంటూ ఆ పిల్ల తొమ్మిదిసార్లు మా మెట్లెక్కింది. నూట పన్నెండుమందిలో ఎవరూ నాలుగుకు మించి ఎక్కలేదు.

తొమ్మిదోసారి డి.డి. గారే పిలిపించారు. అడ్డంకి కాలమ్ తొమ్మిది దగ్గరొచ్చింది. "నీలమే ఎందుకు?" అన్నది ప్రశ్న. దాని కింద జాబితా ఉంది: గ్రహదోష నివారణ, ఉద్యోగోన్నతి, కోర్టు వ్యాజ్యం, ఇతరములు. హైమ "ఇతరములు" దగ్గర "ఇష్టం" అని రాసింది.

"చూడమ్మా," అన్నారు కూర్మనాథం గారు కళ్ళజోడు తీసి. "ఇష్టమనేది ఒక మనఃస్థితి. మనఃస్థితికి ఫైలు నంబరుండదు. ఇతరములు అన్నచోట సాక్ష్యం జతపరచాలని స్పష్టంగా ఉంది. రేపు తనిఖీ వాళ్ళొచ్చి ఇష్టం ఎక్కడయ్యా అని అడిగితే ఈ కార్యాలయం ఏం చూపించాలి?"

"పోనీ గ్రహదోషం అని రాసేద్దామా" అన్నాడు ఫణి మెల్లగా.

"దోషం లేదుగా" అంది హైమ. తర్వాత నా వైపు తిరిగి "సన్యాసిరావు గారూ, సందర్శకుల రిజిస్టరు ఒకసారి ఇస్తారా?" అని అడిగింది.

ఇచ్చాను. తన పేరున్న పేజీలు ఒక్కొక్కటే తిప్పి డి.డి. గారికి చూపించింది. తొమ్మిది తేదీలు. లోపలికి వచ్చిన వేళ, బయటికి పోయిన వేళ. ప్రతి పేజీ అడుగున ఆయన పొట్టి సంతకమే.

"ఇష్టం లేకపోతే ఈ మెట్లు తొమ్మిదిసార్లు ఎవరెక్కుతారండీ?"

కూర్మనాథం గారు చాలాసేపు చూశారు. ఆ అమ్మాయిని నమ్మకపోవచ్చు, ఇష్టాన్ని నమ్మకపోవచ్చు గానీ తన పొట్టి సంతకాన్ని ఎలా నమ్మకుండా ఉంటారు? "నకలు జతపరచండి" అన్నారు చివరికి. మా కార్యాలయ చరిత్రలో మొదటిసారి ఒక దరఖాస్తు పరీక్ష దశకు చేరింది.

బయట బెంచీ మీద హైమ నాతో అంది: "ఈ ఉంగరం లేకపోతే నిశ్చితార్థమేం ఆగదండీ. వాళ్ళమ్మగారు కనకపుష్యరాగం ఉంగరం తీసి సిద్ధంగానే ఉంచారు. నీలమంటే ఆవిడకి భయం. ఇది రాయి సంగతి కాదు. ఈయన్ని నేను మొదటిసారి అడిగింది ఇదొక్కటే. సరే అన్నాడు. ఈయన అందరికీ సరే అంటాడు కదా. మరి నాకన్న సరే ఎన్నాళ్ళుంటుందో చూసుకోవద్దూ?" ఫణి అప్పుడు కిందికి వెళ్ళి అటెండరు గవరయ్య చెప్పాడని అతని సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాకు భయమేసింది.

పరీక్ష నియమం చెబుతాను. దరఖాస్తుదారు మాట చెల్లదు గనుక ఉంగరాన్ని పరీక్షాధికారే ధరించాలి. మా జిల్లాకు పరీక్షాధికారి కూర్మనాథం గారు. ఆయన జాతకం వేరు, ఆ అమ్మాయి జాతకం వేరు కదా అని ఫణి అడిగితే, "పరీక్షాధికారి ధరించినప్పుడు జాతకం ప్రభుత్వానిదే అవుతుంది" అన్నారాయన. పరిస్థితులన్నీ అసలు వేడుకలో ఉన్నట్టే ఉండాలని మరో నియమం. వేడుకలో ఎవరు తొడుగుతారో వారే, అదే వేలికి, మంచి వేళ చూసి, ఇద్దరు సాక్షుల ఎదుట తొడగాలి.

మంగళవారం, వర్జ్యం దాటాక, నేనూ గవరయ్యా సాక్షులుగా నిలబడగా ఫణీంద్ర కూర్మనాథం గారి ఉంగరపు వేలికి నీలపుటుంగరం తొడిగాడు. అది హైమ కొలతకు చేసింది. ఆయన వేలు అరటిపండు వాటం. కణుపు దగ్గర ఆగింది. గవరయ్య కొబ్బరినూనె తెచ్చాడు. "కానివ్వండి, ప్రభుత్వ కార్యం ఆగకూడదు" అని ఆయన పళ్ళు బిగించారు. ఎక్కింది. నేను రిజిస్టరులో వేళ రాసి, ముగ్గురి చేతా సంతకాలు పెట్టించాను.

ఉంగరం కార్యాలయం గడప దాటరాదు. అది వేలినుంచి వచ్చే సూచన లేదు. కాబట్టి ప్రతి సాయంత్రం నేను డి.డి. గారి వేలికి గేట్‌పాస్ రాశాను. పొద్దున్నే వేలు తిరిగి వచ్చినట్టు నమోదు చేశాను.

ఫలితానికి మూడు దారులు. చెడు జరిగితే రాయి పడలేదని తిరస్కరణ. ఏమీ జరగకపోతే నీలానికి గుణం లేదు, అంటే నకిలీ, కనుక స్వాధీనం. మంచి జరిగితే, ఆఫీసు వేళల్లో జరిగిన మంచి ప్రభుత్వానికి చెందుతుంది గనుక ఆ రాయి ప్రభుత్వం దగ్గరే ఉండాలి. ఇది చదివి హైమ "మరి అనుమతి ఎప్పుడిస్తారండీ?" అని అడిగింది. ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ వెయ్యలేదు.

మొదటి రోజు మధ్యాహ్నం టీ వేడిగా వచ్చింది. మంచి అని రాయబోతే డి.డి. గారు ఆపారు. "తొందరపడకు. నాలిక కాలింది." రెండు వైపులా రాశాను. మూడో రోజు, నాలుగేళ్ళుగా నాలుగూ ఇరవై దగ్గర ఆగిపోయిన గోడగడియారం దానంతటదే నడవడం మొదలెట్టింది. అది మంచో చెడో తేలక ముగ్గురు సభ్యులతో ఉపసంఘం వేశారు. గడియారం నాలుగూ ఇరవై చూపిస్తున్నన్నాళ్ళూ సిబ్బంది ఎప్పుడు ఇంటికి బయల్దేరినా తప్పు లేకుండా ఉండేదనీ, ఇప్పుడు ఆ వెసులుబాటు పోయిందనీ ఉపసంఘం నివేదించింది. ఆరో రోజు అంతకన్నా ఘోరం జరిగింది. ఏడాదిగా నలుగుతున్న ఒక పింఛను ఫైలు మీద, ఉంగరం వంక చూస్తూ డి.డి. గారు పొరపాటున సంతకం పెట్టేశారు. ఫైలు పరిష్కారమైపోయింది. అర్జీదారుకు మంచి, కార్యాలయానికి చెడు అని విడగొట్టి రాశాం. ఎనిమిదో రోజంతా సిబ్బంది పైకప్పు వంకే చూస్తూ కూర్చున్నారు. ఏమీ పడలేదు. మెడలు పట్టేశాయి.

ఈలోగా డి.డి. గారిలో కొద్దిగా మార్పొచ్చింది. కిటికీ దగ్గర నిలబడి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకునేవారు. "నీ రిజిస్టరులో ఆ అమ్మాయి మాటలు చదివానయ్యా. నిజమే, వానకి ముందు ఆకాశంలాగే ఉంది" అన్నారొకసారి. ఇంకోరోజు క్యారేజీ విప్పుతూ అన్నారు: "మా ఆవిడ చూసింది సన్యాసిరావూ. నాకా అని అడిగింది. కాదు, ప్రభుత్వానిది అన్నాను. పప్పు వడ్డించింది."

పన్నెండో పనిదినం సోమవారం. కూడితే మంచి తొమ్మిది, చెడు తొమ్మిది. సమానమైతే ఏమీ జరగనట్టే, కనుక నకిలీ అని ఆయన రాయబోతూ ముందు ఉంగరం తీసి బల్ల మీద పెట్టాలనుకున్నారు. రాలేదు. సబ్బు రాశారు. ఆముదం పోశారు. గవరయ్య మోకాలు బల్లకు ఆనించి లాగాడు. వేలు వంకాయలా వాచింది. దాంతో చెడు పదయింది, తిరస్కరణ ఖాయమైంది. కానీ తిరస్కరించిన ఉంగరాన్ని ఇరవై నాలుగు గంటల్లో దరఖాస్తుదారుకు తిరిగివ్వాలి. కోసి తీద్దామంటే పరీక్షలో ఉన్న వస్తువుకు నష్టం కలిగించడం నేరం. నిశ్చితార్థం ఇంక మూడు రోజుల్లో పడింది. ముఖ్య కార్యాలయానికి రాశాం.

బుధవారం మధ్యాహ్నం జవాబొచ్చింది. హైమ, ఫణి ఎదురుగానే ఉన్నారు. డి.డి. గారు నన్ను చదవమన్నారు. గొంతు సవరించుకుని చదివాను.

"పై సూచికలోని మీ లేఖకు బదులుగా తెలియజేయడమేమనగా, నియమావళి రెండవ అధ్యాయం ప్రకారం, ఒకరు మరొకరి ఉంగరపు వేలికి మంచి వేళలో ఇద్దరు సాక్షుల సమక్షమున నీలపుటుంగరం తొడుగుటయే నిశ్చితార్థము. మీరు పంపిన రిజిస్టరు నకలు అనుసరించి శ్రీ ఫణీంద్రకును శ్రీ కూర్మనాథమునకును నిశ్చితార్థము సక్రమముగా జరిగినట్లు నమోదైనది. అభినందనలు. శ్రీ ఫణీంద్ర వేరొకరితో నిశ్చితార్థము జరుపుకొనదలచినచో మొదటి పక్షమైన శ్రీ కూర్మనాథము నుండి విరమణ పత్రము పొందవలెను. మరియు, ఇదివరకే వివాహితుడైన ప్రభుత్వోద్యోగి ముందస్తు అనుమతి లేక మరల నిశ్చితార్థము చేసుకొనుట ప్రవర్తనా నియమములకు విరుద్ధము గనుక, శ్రీ కూర్మనాథము సంజాయిషీని జిల్లా అధికారి కోరవలెను."

జిల్లా అధికారి కూర్మనాథం గారే. ఆయన తనకు తానే నోటీసు మీద సంతకం పెట్టి, అందినట్టు ఇంకో సంతకం పెట్టి, నాకిచ్చారు. ముఖం పాలిపోయింది గానీ పద్ధతి తప్పలేదు. ఆ మనిషి మీద నాకున్న గౌరవం అలాంటిది.

"ఇంక పుష్యరాగమేలే" అంది హైమ. మామూలుగానే అంది. విజిల్ తాడు వేలికి చుట్టుకుంటోంది.

డి.డి. గారు విరమణ పత్రం తెప్పించారు. గులాబీ రంగు కాగితం. కాలమ్ నాలుగు: విరమణకు కారణం. జాతకాలు కుదరకపోవడం, ఒక పక్షం కనబడకపోవడం, ఇష్టం లేకపోవడం. ఒకదాని ఎదుట టిక్కు పెట్టి, కింద అదే మాట చేత్తో రాస్తే చాలు.

ఫణి ఆ కాగితం అందుకుని చదివాడు. తిప్పి వెనక కూడా చూశాడు.

"ఇక్కడ సాక్ష్యం జతపరచమని లేదేంటండీ?"

"అక్కర్లేదు. ఇష్టం లేకపోవడమంటే లేకపోవడమే. దానికి సాక్ష్యమేమిటి?" అన్నారు డి.డి. గారు.

"మరి ఇష్టం ఉండటానికెందుకండీ సాక్ష్యం?"

గోడగడియారం నడుస్తోందని అప్పుడు బాగా తెలిసింది.

"విడిపోవడానికి ఒక టిక్కు చాలంటారు. కలవడానికి తొమ్మిదిసార్లు మెట్లెక్కమంటారు," అన్నాడు ఫణి. "సార్, నేనెప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పలేదు. పొద్దున్న మా అమ్మకి చెప్పాను, పుష్యరాగం లోపల పెట్టెయ్యమని. ఏడ్చింది. అయినా పెట్టించాను. హైమకి సరే అన్నాను నేను. మీరు ఆ కాగితం మీద టిక్కు పెట్టండి. రేపు పది గంటలకి మండపానికి రండి. ఉంగరం మీ వేలికే ఉంది కదా, వేలుతోనే రండి. అప్పలాచారి అక్కడుంటాడు."

హైమ అతన్ని చూస్తోంది. రాయిని చూసినట్టే చూస్తోంది. నాకు గడియారం చూసే అలవాటు. నాలుగు నిమిషాలు దాటింది. నేనది ఎక్కడా రాయలేదు.

కూర్మనాథం గారు కలం తీశారు. మూడో కారణం దగ్గర ఆగారు. "నాకు ఇష్టం లేదు అని చేత్తో కూడా రాయాలి కదూ," అన్నారు. "ముప్ఫై రెండేళ్ళుగా 'ఈ కార్యాలయం' అని రాశాను సన్యాసిరావూ. 'నాకు' అని రాయడం ఇదే మొదలు." రాసి, ఆ మాట కేసి కాసేపు చూసుకున్నారు.

గురువారం మండపంలో పెళ్ళికొడుకు పక్కన కుర్చీ వేసి డి.డి. గారిని కూర్చోబెట్టారు. అప్పలాచారి పట్టుదారం తెచ్చి, ఒక కొస ఉంగరం కిందినుంచి దూర్చి, మిగతాది వేలి కణుపు దాకా దగ్గర దగ్గరగా చుట్టాడు. కింది కొస పట్టుకుని విప్పుకుంటూ వస్తుంటే ఉంగరం చుట్టు చుట్టుకీ పైకి జరిగింది. "ముందే పిలిస్తే ఐపోయేది కదా బాబూ. ఇలాంటివి వారానికి రెండు తీస్తాను" అన్నాడు. పది నలభై ఒకటికి ఉంగరం ఊడొచ్చింది. పది నలభై రెండుకి ఫణి దాన్ని హైమ వేలికి తొడిగాడు. తెల్లటి మచ్చ ఆ అమ్మాయి వైపుకి ఉండేలా తిప్పి మరీ తొడిగాడు.

ఉంగరం వేలి మీద ఉన్నంతవరకూ పరీక్ష ముగియనట్టే గనుక ఫలితం రాయడం ఇంకా మిగిలే ఉంది. ఆ పని నాది. "మంచి జరిగినది. అది ఆఫీసు వేళల్లోనే జరిగినప్పటికీ ఆఫీసు బయట జరిగినందున దానిపై ప్రభుత్వానికి హక్కు లేదు" అని రాశాను. డి.డి. గారు తాంబూలం పళ్ళెం కింద పెట్టుకుని సంతకం చేశారు. ఇరవై ఆరేళ్ళలో నేను రాసిన వాక్యాల్లో నాకు నచ్చింది అదొక్కటే.

ఇలాంటివి ముఖ్య కార్యాలయం ఊరికే వదలదు. నెల తిరక్కుండా కొత్త ఉత్తర్వు వచ్చింది. ప్రజల మనోభావాలను గౌరవిస్తూ కాలమ్ తొమ్మిదిలో "ఇష్టం" అనే కారణాన్ని ఐదవదిగా చేర్చడమైనది. అయితే దుర్వినియోగం జరగకుండా ఇష్టాన్ని కూడా పన్నెండు పనిదినాలు పరీక్షించి, జిల్లా పరీక్షాధికారి ఇష్ట ధ్రువీకరణ పత్రం జారీ చేయవలెను. దరఖాస్తుదారు తరఫున ఆ వస్తువును పరీక్షాధికారే ఇష్టపడి చూడవలెను.

ఆ వారం తపాలాలో నూట పద్నాలుగో దరఖాస్తు వచ్చింది. చేతిరాత చూడగానే గుర్తుపట్టాను. దరఖాస్తుదారు: కూర్మనాథం, ఉప సంచాలకులు. ధరించబోయేవారు: భార్య. వేలి కొలత సెంటీమీటర్లలో ఉంది. పాలు ఆవువని రాశారు. నీలమే ఎందుకు అన్న దగ్గర, మిగతా నాలుగూ కొట్టేసి, ఒకే మాట: ఇష్టం.

దరఖాస్తు అన్నివిధాలా సక్రమంగా ఉంది. లోటొక్కటే. ఇష్ట ధ్రువీకరణ పత్రం మీద జిల్లా పరీక్షాధికారి సంతకం కావాలి. జిల్లా పరీక్షాధికారి ఆయనే. ఎవరి ఇష్టాన్ని వారే ధ్రువీకరించుకోరాదని కొత్త ఉత్తర్వు ఏడో పేరాలో ఉంది. అభ్యంతరం రాసి ఫైలు ఆయన బల్ల మీదే పెట్టాను.

ఆయన చదివారు. ఉంగరం ఉన్నచోట వేలిమీద తెల్లటి చార ఇంకా పోలేదు. దాన్ని బొటనవేలితో రుద్దుకుంటూ, "సరిగ్గానే రాశావయ్యా," అని "చూశాను" అని పొట్టి సంతకం పెట్టి నాకు తిప్పి ఇచ్చారు.

నాకు చాలా బాధేసింది. ఫైల్లో ఎక్కడైనా రాద్దామని మొదటినుంచి చివరిదాకా పేజీలు తిప్పాను. దానికి కాలమ్ లేదు.